చిన్నాయన కోర్టులో చెప్పని పేరు

మా చిన్నాయన పోయిన సంగతి నాకు బడిలో తెలిసింది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక పోస్టుమాన్ తెచ్చి ఇచ్చిన కార్డులో నాలుగే వాక్యాలున్నాయి. రాజంపేటలో ఆయన వంట చేస్తున్న హోటలు యజమాని ఎవరి చేతనో రాయించాడు. పొద్దున పొయ్యి ముందర నిలబడి ఉండగా ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదట. చిన్నమ్మ దగ్గరే ఉందట. దహనం కూడా ఆ సాయంత్రమే అయిపోయిందట. కార్డు కోయిలకుంట్ల చేరేసరికి మూడు రోజులు పట్టింది.

నా ముఖం చూసి పక్క తరగతి అయ్యవారు కార్డు తీసుకుని చదివాడు. చదివి, "ఎవురు, ఆ ఐ.పి. పెట్టిన చిన్నాయనేనా?" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాడు. అలా అడగడం ఆయనకు తప్పుగా తోచలేదు, అంతే. చనిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి జనానికి ఏదో ఒక గుర్తు కావాలి. ముప్పై ఏళ్ళు వేలమందికి అన్నం పెట్టిన మా చిన్నాయనకు చివరికి మిగిలిన గుర్తు అదొక్కటే. అవునన్నాను.

ఆయన్ని ఊరంతా అనుమానించింది. అందరికంటే ఎక్కువ అనుమానించింది నేను. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సింది కూడా నేనే.

మాది కోడుమూరు దగ్గర. వాన పడితే పంట, లేకపోతే లేదు. మా నాయన ఆ నేలనే పట్టుకుని ఉండిపోయాడు. చిన్నాయన మాత్రం పదహారేళ్ళకే కర్నూలు పోయి ఒక హోటల్లో గిన్నెలు తోమడానికి కుదురుకున్నాడు. తర్వాత వంట నేర్చి, పాతబస్తీలో ఒక అద్దె ఇంట్లో సొంతంగా భోజన హోటలు పెట్టాడు. నేను టీచరు ట్రైనింగు చదివిన రెండేళ్ళూ ఆయన దగ్గరే తిన్నాను. ఒక్క పూటకు కూడా దుడ్లు అడగలేదు. నేను మొహమాటపడి తక్కువ తింటే మాత్రం కోపం వచ్చేది. "అరకడుపుతో పాఠం చెప్తే పిల్లోళ్ళకు అరపాఠమే వస్తాది" అనేవాడు.

ఆయన వడ్డించే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. నెయ్యి మాత్రం ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాడు. తినేవాడి ముఖం చూసి గరిటె వంచేవాడు. మూటలు మోసి వచ్చినవాడికి ఎక్కువ, కచేరీ గుమాస్తాకు తక్కువ. ఎవరైనా ఇదేమని అడిగితే, "నీది కుర్చీలో కూర్చునే కడుపు గదప్పా" అని నవ్వేవాడు. లెక్కలు మొదట పెన్సిలుతో రాసి, సాయంత్రం మళ్ళీ సిరాతో దిద్దేవాడు. అణా ఉప్పు కొన్నా ఆ పుస్తకంలో ఉండేది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది ఆయన జాతకం మారింది. ఊళ్ళో ఇళ్ళు చాలక డేరాల్లో ఆఫీసులు నడిపారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన గుమాస్తాలు తిండికీ పడకకూ వెతుక్కుంటూ సందుసందునా తిరిగారు. చిన్నాయన పక్కనున్న రెండు ఇళ్ళు కూడా అద్దెకు తీసుకున్నాడు. నులకమంచాలు వేయించాడు, పెద్ద గుండిగలు కొన్నాడు, గోడ గడియారం తగిలించాడు. దీనికంతా అప్పు చేశాడు. ఎక్కువ భాగం బజారులో ఒక వడ్డీ వ్యాపారి దగ్గర, ప్రాంసరీ నోట్ల మీద. మిగతాది తెలిసినవాళ్ళ దగ్గర కొంచెం కొంచెం. నేను కూడా మూడు వందలు ఇచ్చాను. మా బావి లోతు చేయించడానికి దాచుకున్న డబ్బు అది. "రాజధాని ఈడ ఉన్నన్ని దినాలు మనకేం బయం లేదు నాయనా" అన్నాడు చిన్నాయన. రాజధాని పోతుందని అప్పుడెవరికి తెలుసు?

మూడేళ్ళకే అది హైదరాబాదు పోయింది. ఒక్క నెలలో వీధులు బోసిపోయాయి. గుమాస్తాలు ట్రంకు పెట్టెలు రైలుకు వేసుకుని వెళ్ళిపోయారు. కొందరు బాకీ తీర్చి పోయారు, కొందరు మనియార్డరు పంపుతామన్నారు. నలభై మంచాల్లో ముప్పై ఎనిమిది ఖాళీ. నోట్ల గడువు మాత్రం ఆగలేదు. వడ్డీ వ్యాపారి దావా వేసి డిక్రీ తెచ్చుకున్నాడు. డబ్బు కట్టకపోతే అరెస్టు చేయించి సివిలు జైలుకు పంపుతానని హోటలు ముందర నిలబడి అరిచిపోయాడు.

అప్పుడు ఒక వకీలు చెప్పాడు, ఐ.పి. పెట్టమని.

ఐ.పి., అంటే దివాలా పిటిషన్, మన జిల్లాల్లో తిట్టు. కానీ కాగితం మీద అది తిట్టు కాదు. అప్పు తీర్చలేనివాడు తనే కోర్టుకు పోయి, నాకున్నది ఇదీ, నేనియ్యాల్సినది ఇదీ అని ప్రమాణం చేసి పట్టీ రాసిస్తాడు. అరెస్టు ఆగుతుంది. ఉన్న ఆస్తి కోర్టు పెట్టిన రిసీవరు చేతికి పోతుంది. ఆయన వేలం వేసి, వచ్చినదాన్ని అప్పిచ్చినవాళ్ళందరికీ వారివారి అప్పును బట్టి పంచుతాడు. వండుకునే గిన్నెలు, పడుకునే చాప, కట్టుకునే బట్ట మాత్రం ముట్టుకోరు. ఆ తర్వాత, ఏమీ దాచలేదని కోర్టు నమ్మితే విడుదల ఇస్తుంది. ఆ పాత బాకీలకు ఇంక ఎవరూ అతన్ని పట్టుకోలేరు. నమ్మకపోతే విడుదల ఉండదు. అంతా ఆ నమ్మకం మీదనే ఉంది.

నమ్మకం మాకెవరికీ లేకపోయింది. మా ఇంట్లో అయితే నా భార్య ఐ.పి. సంగతి తెలిపిన కార్డు చదవగానే, "నేను వద్దంటి గదా. ఇప్పుడు సూడు, ఆయప్ప యాడనో దాచిపెట్టుకోనుంటాడు. మనకు సున్నా" అంది. నేను కాదనలేదు. వేలంలో గుండిగలు, మంచాలు, గడియారం పోగా నా మూడు వందలకు నా చేతికి వచ్చినది యాభై ఆరు రూపాయల నాలుగణాలు. రూపాయికి మూడణాల లెక్క. ఆ డబ్బు జేబులో పెట్టుకుని బస్సెక్కినప్పుడు, చిన్నాయన పెట్టిన రెండేళ్ళ అన్నం నాకు గుర్తు రాలేదు. అది దాచడం దేనికి?

కోర్టు విచారణకు నేను పోయాను. వడ్డీ వ్యాపారి తరఫు వకీలు చిన్నాయన లెక్కల పుస్తకం చేతిలో పట్టుకుని లేచాడు.

"పిటిషన్ వేయడానికి నెలన్నర ముందు నీ చేతికి నాలుగు వందల అరవై రూపాయలు వసూలైనట్టు నీ పుస్తకమే చెబుతోంది. అవునా?"

"అవును సామీ."

"ఖర్చు పేజీలో మాత్రం లేదు. ఆ డబ్బు ఏమైంది?"

"అయిపాయ."

"ఎవరికిచ్చావు?"

"గ్యాపకం లేదు సామీ."

"అణా ఉప్పు రాసుకునేవాడివి, నాలుగు వందల అరవై ఎవరికిచ్చిందీ జ్ఞాపకం లేదా?"

కోర్టు హాలంతా నవ్వింది. జడ్జిగారు కళ్ళద్దాల మీదుగా చిన్నాయన వైపు చాలాసేపు చూశారు. చిన్నాయన తల వంచుకుని, "వయసయిపోయింది సామీ" అన్నాడు. అప్పటికి ఆయనకు యాభై నిండలేదు. ఆ మాటతో, దాచలేదేమో అన్న నా చివరి ఆశ కూడా పోయింది. డబ్బు దాచాడు. ఇంక అది ఎక్కడుందో తెలియాలి.

తర్వాతి ఆదివారం పలకరించడానికని చెప్పి ఆయన ఇంటికి పోయాను. పలకరించడానికి కాదు, చూడ్డానికి. చిన్నమ్మ ముక్కున పుడక ఉందా, చెవులకు ఏముంది, బియ్యం ఏ రకం, ఆయన చెప్పులు కొత్తవా పాతవా, అన్నీ చూశాను. మూలన ఒక ట్రంకు పెట్టె ఉంది. దానికి తాళం వేసి ఉంది. తాళం కొత్తది. చిన్నాయన నాకు మంచినీళ్ళు తేవడానికి వెనక్కి పోగానే లేచి, ఆ పెట్టె పిడి పట్టుకుని పైకెత్తాను.

తేలిగ్గా లేచింది. వెనక్కి తిరిగేసరికి చిన్నాయన చెంబుతో నిలబడి ఉన్నాడు.

"బరువేం లేదు గదా నాయనా?" అన్నాడు. "కోర్టు కాగితాలే. ఎలకలు కొరుకుతాండాయని తాళమేసినా. కావాలంటే తీసి సూపిస్తా."

ఆయన చెంబు నా చేతికిచ్చి, గడప మీద కూర్చున్నాడు. తనే మొదలుపెట్టాడు.

"నీకొకటి చెప్తా. విని ఊరకుండాల. ఆ దుడ్లు అవ్వకిచ్చినా."

అవ్వ అంటే ఆయన హోటల్లో పిండి రుబ్బే ముసలామె. కోయిలకుంట్ల వైపు పల్లె నుంచి వచ్చింది. మొగుడూ లేడు, పిల్లలూ లేరు. జీతం ప్రతి నెలా తీసుకోకుండా, "నీ కాడే పెట్టు నాయనా, ఒక్కసారే తీసుకుంటా" అని చిన్నాయన దగ్గరే వదిలేది. అలా మూడేళ్ళ పైచిలుకు జీతం పోగైంది.

"ఐ.పి. పెడితే ఆమెకు చివరి నాలుగు నెలల కూలి మాత్రమే ముందు దక్కుతాదంట, అదీ ఇరవై రూపాయలు దాటకుండా. మిగిలిందానికి మీ మాదిరే మూడణాల లెక్క. వకీలు చెప్పినాడు. అందుకని పిటిషన్ కు ముందే ఇచ్చేస్తి. అది తప్పంట. మూడు నెలల లోపల ఒకరికి ఎక్కువ జేసి ఇస్తే, రిసీవరు ఆ మనిషి కాడికి పోయి మళ్ళ లాక్కుంటాడంట. పేరు చెప్తే ఆమె ఇంటికి పోతారు."

"అందుకని కోర్టులో అబద్ధం చెప్పినావా?"

"చెప్తి."

నేను నమ్మలేదు. వినడానికి మరీ సొంపుగా ఉంది. పైగా సాక్ష్యం లేదు. అనుమానం ఒకసారి లోపలికొస్తే మంచిమాట కూడా దానికి మేతే అవుతుంది. ఆ సాయంత్రమే అవ్వను వెతుక్కుంటూ పోయాను. బస్టాండు దగ్గర ఇంకో హోటలు పెరట్లో కూర్చుని మినుముల్లో రాళ్ళు ఏరుతోంది.

"ఎవురు పంపినారు నిన్ను?" అంది నన్ను చూస్తూనే.

"ఎవరూ పంపలేదవ్వా. చిన్నాయన నీకు జీతం బాకీ అంతా ఇచ్చినాడంట, నిజమేనా?"

"నాకేమిచ్చినాడు?" ఆమె చేట పక్కన పెట్టింది. "ఉత్త చేతుల్తో పంపిచ్చె. మూడేండ్లు రుబ్బితి, ఒక్క పైసా ఇయ్యలే. అబద్ధం చెప్తే నా కండ్లు పోతాయి ఐవారా."

ముసలామె కళ్ళ మీద ఒట్టేసి చెబితే ఇంకేం కావాలి? ఆమె గొంతులో కోపం నిజంగా ఉంది. చిన్నాయన డబ్బు దాచడమే కాకుండా, నా దగ్గర ధర్మాత్ముడిలా కనిపించడానికి ఒక పేద మనిషిని అడ్డం పెట్టుకున్నాడని నా ఒళ్ళు మండిపోయింది. వారం తిరక్కుండా వడ్డీ వ్యాపారి మనిషి కోడుమూరు వచ్చాడు. చిన్నాయనకు విడుదల ఇవ్వకూడదని అప్పిచ్చినవాళ్ళు పెడుతున్న అభ్యంతరం కాగితం తెచ్చాడు. అప్పటికే ఐదుగురు సంతకం చేశారు. ఆరోది నాది.

కోర్టు విడుదలను రెండేళ్ళు వాయిదా వేసింది. నాలుగు వందల అరవై రూపాయలకు సరైన సమాధానం చెప్పలేదన్నది కారణం. దొంగ ఐ.పి. అని ఊళ్ళో ముద్ర పడింది. కర్నూల్లో ఆయనకు పని ఇచ్చేవాళ్ళు లేకపోయారు. చివరికి రాజంపేటలో ఒక హోటలాయన వంటకు పెట్టుకున్నాడు, గల్లాపెట్టె దగ్గరికి మాత్రం రాకూడదని ముందే చెప్పి. విడుదల కాని మనిషి యాభై రూపాయలు అంతకు పైన అప్పు అడిగితే తన సంగతి ముందే చెప్పాలి, లేకపోతే నేరం. చిన్నాయన యాభై దాకా ఆగేవాడు కాడు. బీడీ కట్ట అరువడిగినా, "నేను దివాలా తీసినోణ్ణప్పా, తెలుసు గదా?" అని ముందు చెప్పి, అవతలివాడు తలూపాకే కట్ట తీసుకునేవాడట. చిన్నమ్మ చెప్పింది. అప్పుడు నాకది కూడా నాటకమనే అనిపించింది.

పోయిన ఏడాది నన్ను కోయిలకుంట్లకు బదిలీ చేశారు. చుట్టుపక్కల చాలా పల్లెలున్నాయి. నేను చెప్పబోయేది ఏ పల్లె అనేది చెప్పను. బడిలో చేరని పిల్లల లెక్క కోసం అక్కడికి పోతే, నల్లరేగడి చేలో కలుపు తీస్తున్న ఒక ముసలామె నన్ను చూసి, కొంగు ముఖం మీదికి లాక్కుని అటు తిరిగింది. ఆ తిరగడంతోనే గుర్తుపట్టాను. పక్క చేను రైతును అడిగాను, ఆ చేను ఎవరిదని.

"అవ్వదే. రెండెకరాలు. మొగుడు సచ్చినప్పుడు తాకట్టు పడింది. కర్నూల్లో పని చేసి దుడ్లు తెచ్చి ఇడిపించుకునింది. రాజధాని పాయ జూడు, ఆ శీతకాలంలోనే."

గట్టు దాటి ఆమె దగ్గరికి పోయాను. ఇంక పారిపోయే దారి లేదని తెలిసి ఆమె కొడవలి కింద పెట్టి నిలబడింది.

"అవ్వా, ఆ రోజు ఒట్టేస్తివే."

"ఏస్తి. ఆయప్పే చెప్పినాడు, ఎవురొచ్చి అడిగినా లేదను, నన్ను తిట్టు, ఒట్టేయమంటే ఎయ్యి అని. నువ్వేమో కోర్టోళ్ళతో తిరుగుతాంటివి. నిన్నెట్ల నమ్మేది?" నేల వైపు చూపించింది. "కండ్లు పోయినా నేలుంటాది గదా అనుకుంటి."

ఆ శనివారమే రాజంపేట బస్సెక్కాను. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. హోటలు వెనక చిన్నాయన గుమ్మడికాయ కోస్తున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి, "తిన్నావా?" అన్నాడు. తినలేదంటే ముందు తిను అంటాడని, తిన్నానని అబద్ధం చెప్పి, గబగబా అన్నీ చెప్పేశాను. అవ్వ కనబడిందనీ, నిజం తెలిసిందనీ, ఆ అభ్యంతరం కాగితం మీద నేను సంతకం చేశాననీ.

"తెలుసు" అన్నాడు. "మా వకీలు సూపిచ్చినాడు. ఆరుగురిలో నీ సంతకమొకటే సక్కంగ ఉండె."

నాకు ఏడుపు ఆగలేదు. నువ్వు ధర్మం చేసినావు, మేము గుర్తించలేదు అని ఏదో అన్నాను. ఆయన కత్తిపీట మీద చెయ్యి ఆపాడు. ఆయన గట్టిగా మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"ధర్మం గిర్మం అనొద్దు. ఆ దుడ్లు నావి కాదు. మీ అందరివీ. నీ బావి దుడ్లు దాంట్లో ఉండాయి. మిమ్మల్ని అడక్కుండా, మీ వాటా తీసి ఒక్కామెకు ఇచ్చినా. కోర్టు నన్ను తప్పన్నాదంటే దాని తప్పేం లేదు. దానికి నన్ను తిట్టు, పడతా. సంతకానికి మాత్రం ఏడవద్దు."

"మరి ఎందుకిస్తివి?"

ఆయన మళ్ళీ గుమ్మడికాయ ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. "మీరంతా నాకు అప్పిచ్చినారు. ఆమె ఇయ్యలే. దాచిపెట్టమనె, అంతే" అన్నాడు. తర్వాత, "చేను ఎట్లుండాది? కలుపు తీసిందా?" అని అడిగాడు. తీస్తోందని చెప్పాను. తల ఊపాడు. నాకు ఆకు వేయించి అన్నం పెట్టించాడు. నెయ్యి తనే తెచ్చి పోశాడు.

ఆయన చెప్పినదాంట్లో ఏది న్యాయమో నాకిప్పటికీ పూర్తిగా తేలలేదు. మా బావి ఇంకా లోతు కాలేదు. నా భార్య ఆ సంగతి అప్పుడప్పుడు గుర్తు చేస్తుంది, చేసే హక్కు ఆమెకుంది. నాకు తెలిసినదల్లా ఒకటే. కోర్టులో ఒక్క పేరు చెప్పి ఉంటే ఆయన ఎప్పుడో విడుదలై, కర్నూల్లోనే పదిమందికి వండుకుంటూ బతికేవాడు. విడుదల వాయిదా వచ్చే నెల ఉండింది. ఈసారి నేను పోయి, నాకేమీ అభ్యంతరం లేదని రాసిద్దామనుకున్నాను. దానికి ముందే ఆయన పోయాడు.

కార్డు వచ్చిన మర్నాడు ఆదివారం. పొద్దున్నే ఆ పల్లెకు నడిచాను. జొన్నచేలు కంకులేసి ఉన్నాయి. అవ్వ తన చేలో మంచె మీద నిలబడి, వడిసెల తిప్పుతూ పిట్టలను తోలుతోంది. కింద నిలబడి, చిన్నాయన పోయాడని చెప్పాను. ఆమె దిగలేదు. వడిసెల చేతిలో వేలాడుతూ ఉండిపోయింది. కేకలు ఆగేసరికి లేచిపోయిన పిచుకలు ఒక్కొక్కటే తిరిగొచ్చి కంకుల మీద వాలాయి. అవి గింజలు ఒలుచుకునే చప్పుడు నాకు వినబడుతోంది. ఆమె వాటి వైపు చూడలేదు.

"నన్ను గురించి ఎవురన్నా అడిగినారా ఐవారా?" అంది.

"లేదవ్వా. ఇంక ఎవరూ అడగరు."

ఆమె ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నా తల మీదుగా, నేను వచ్చిన బాట వైపు చూసింది. బాట మీద ఎవరూ లేరు. అయినా చూస్తూనే ఉంది.